ఒక ఇల్లాలు – లక్ష ఉత్తరాలు



పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా కూరగిన్నె అందిస్తూ, "ఏమ్మా, ఆ సీరియల్ నువ్వు చూడటం లేదూ? అయ్యో, ఎంత బావుంటుందనుకున్నావు! ఈ ఒక్కవారం చూడు, నచ్చకపోతే నన్నడుగు" అనడం మనలో ప్రతి ఒక్కరికీ అనుభవమే. కొత్తావకాయ కలిపిన రోజున నలుగురిళ్లకీ తలో కాస్త పంపితేగాని మనకి తోచదు. నచ్చిన కథ సంగతీ అంతే. నలుగురి చేతా చూపించి, "బావుంది కదూ?" అని అడిగి, "బావుంది" అనిపించుకుంటే గాని తృప్తి వుండదు. ఇంట్లో మగవాళ్లు "ఆడవాళ్ల కబుర్లు" అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇవాళ నేను చెప్పబోయేది అలాంటి గోడ మీది కబురే. కాకపోతే ఆ కబురు ఊళ్లు దాటి, రాష్ట్రాలు దాటి, ఒక మహా సంస్థ తలుపు తట్టింది. జరిగింది అమెరికాలో, 1967 చివర, 1968 మొదట్లో. ఆ టెలివిజన్ కార్యక్రమం పేరు 'స్టార్ ట్రెక్'. మన దూరదర్శన్‌లో కూడా 1980లలో వచ్చింది, మీలో కొందరికి గుర్తుండే వుంటుంది.

"రాకెట్లూ, గ్రహాలూ, మొనదేలిన చెవుల మనుషులూ... అవి పిల్లల ఆటలు కదండీ, మనకెందుకు?" అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. ఆ రాకెట్ల వెనక ముగ్గురు ఆడవాళ్లున్నారు. నేను చెప్పేది వాళ్ల కథ.

మొదటావిడ లూసిల్ బాల్. ఈవిడ హాస్యనటి. 1951 నుంచి 1957 వరకూ 'ఐ లవ్ లూసీ' అనే ధారావాహికలో ఒక గడుసు ఇల్లాలి వేషం వేసి దేశాన్నంతా నవ్వించారు. భర్త డెసీ ఆర్నాజ్‌తో కలిసి 'డెసిలూ' అనే స్టూడియో పెట్టారు. ఇద్దరి పేర్లూ కలిపితే వచ్చిన పేరది. 1960లో ఇద్దరూ విడిపోయారు. 1962లో ఆయన వాటా కూడా ఆవిడే కొని, స్టూడియోకి అధినేత్రి అయ్యారు. అంత పెద్ద టెలివిజన్ స్టూడియోని ఒక స్త్రీ నడపడం ఆ రోజుల్లో అమెరికాలో కూడా వింతే.

ఆ స్టూడియోకి 1964లో జీన్ రాడెన్‌బెరీ అనే రచయిత వచ్చాడు. ఒకప్పుడు పోలీసు శాఖలో పనిచేసినవాడు. అంతరిక్షంలో తిరిగే ఓడ, అందులో అన్ని జాతుల మనుషులూ కలిసి పనిచేయడం – ఇదీ అతని కథ. మచ్చుకి ఒక భాగం తీసి ఎన్.బి.సి. అనే ప్రసార సంస్థకి చూపిస్తే, 1965లో వాళ్లు వద్దన్నారు. కాని పూర్తిగా తలుపు మూయకుండా ఇంకో మచ్చు తీసుకురమ్మన్నారు. అలా రెండో అవకాశం ఇవ్వడం చాలా అరుదు. రెండోది నచ్చింది. ఇంతలో స్టూడియో డైరెక్టర్లు, "ఇంత ఖర్చు మనం భరించలేం, వదిలేద్దాం" అన్నారు. లూసిల్ బాల్ వాళ్ల మాట కాదని ముందుకు నడిచారు. ఆవిడ ఆ రోజున తల అడ్డంగా వూపి వుంటే ఈ కథే లేదు. 1966 సెప్టెంబరు 8న మొదటి భాగం ప్రసారమయింది.

ఇక అసలు చిక్కు ఇక్కడ మొదలయింది.

అమెరికాలో టెలివిజన్ సంస్థలు బతికేది వ్యాపార ప్రకటనల మీద. సబ్బులవాళ్లూ, కార్లవాళ్లూ డబ్బిస్తారు. ఎంతమంది చూస్తున్నారో లెక్క చూపిస్తేనే ఇస్తారు. ఆ లెక్క కట్టే పని నీల్సన్ అనే సంస్థది. అప్పట్లో ఆ దేశంలో టెలివిజన్ వున్న ఇళ్లు అయిదు కోట్లకు పైమాటే. నీల్సన్ వాళ్లు యంత్రం పెట్టింది మాత్రం సుమారు 1,200 ఇళ్లలో. ఆ పెట్టెలో ఏ స్టేషను ఎంతసేపు పెట్టారో ఆ యంత్రం రాసుకునేది. దాన్ని బట్టే ఏ కార్యక్రమం వుండాలి, ఏది పోవాలి అని నిర్ణయం.

"అదేమిటి, అన్ని కోట్ల ఇళ్లకి వెయ్యి ఇళ్లు చాలా?" అని అనిపిస్తుంది. మనం మాత్రం? అన్నం వుడికిందో లేదో చూడ్డానికి గిన్నెడూ తినం కదా, ఒక్క మెతుకు పట్టుకుంటాం. శాస్త్రం ప్రకారం అది తప్పుకాదు. కాని మెతుకు పట్టుకుంటే వుడికిందో లేదో తెలుస్తుంది గాని, ఆ అన్నం కోసం ఎవరు ఎంత ఆకలితో కూచున్నారో తెలుస్తుందా? తెలియదు. ఇష్టం లేకపోయినా పెట్టె మూయడానికి బద్ధకించి చూసినవారూ, ఆ గంట కోసం వారమంతా ఎదురుచూసినవారూ ఆ యంత్రానికి ఒక్కటే. ఆ లెక్కలో స్టార్ ట్రెక్ వెనకబడింది. రెండో ఏడాది సగమయ్యేసరికి, ఇక తీసేస్తారన్న వార్త పొక్కింది.

ఇప్పుడు రెండో ఆవిడ. పేరు బీజో ట్రింబుల్. కాలిఫోర్నియాలో ఓక్లండ్ అనే ఊళ్లో వుండేది. భర్త జాన్, ఇద్దరు ఆడపిల్లలు. ఇల్లు చూసుకుంటూ, బొమ్మలు వేసుకుంటూ, శాస్త్ర కల్పనా కథలు చదివేవాళ్ల సభల్లో పనులు నెత్తిన వేసుకుని తిరిగే మనిషి. 1966లో క్లీవ్‌లండ్‌లో జరిగిన అలాంటి సభలో భవిష్యత్తులో దుస్తులెలా వుంటాయో చూపే ప్రదర్శన నిర్వహిస్తుంటే, తన కార్యక్రమంలోని దుస్తులు కూడా చేర్చమని రాడెన్‌బెరీ వచ్చి అడిగాడు. అదీ పరిచయం.

1967 చివర్లో భార్యాభర్తలిద్దరూ లాస్ ఏంజిలిస్ వెళ్లి, చిత్రీకరణ చూశారు. అక్కడ అందరి ముఖాలూ వాడిపోయి వున్నాయి. ఇక మూసేస్తారట అన్న మాట చెవిన పడింది. తిరిగి ఇంటికి రావాలంటే కారులో దాదాపు ఆరువందల కిలోమీటర్లు. దారి పొడుగునా అదే మాట. "మనం ఏదైనా చేయగలమేమో కదా!" అన్నది జాన్. చేసింది ఎక్కువగా బీజో. ఇల్లు చేరేసరికి ఏం చేయాలో ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు.

వాళ్ల దగ్గర డబ్బు లేదు, పలుకుబడి లేదు. వున్నదల్లా చిరునామాలు. సభలకి వచ్చినవాళ్ల పేర్లూ, స్టూడియోకి అభిమానులు రాసిన ఉత్తరాల మీది పేర్లూ పోగుచేశారు. చేత్తో తిప్పే అచ్చుయంత్రం మీద ఒక విన్నపం అచ్చువేసి అందరికీ పంపారు. ఆ విన్నపంలో చెప్పింది చాలా తేలిక. ఎన్.బి.సి.కి ఉత్తరం రాయండి. మీ సొంత మాటల్లో, మర్యాదగా రాయండి. ఒకరి ఉత్తరానికి ఇంకొకరు నకలు తీయకండి. తర్వాత మీకు తెలిసిన పదిమంది చేత రాయించండి. ఆ పదిమందినీ తలా పదిమంది చేత రాయించమనండి.

మీరు గమనించారా? ఒకటి పది, పది వంద, వంద వెయ్యి, వెయ్యి పదివేలు, పదివేలు లక్ష. అయిదు మెట్లు ఎక్కితే లక్ష! మన చిన్నప్పుడు దేవుడి పేరు మీద పోస్టుకార్డులు వచ్చేవి, జ్ఞాపకముందా? ఇంతమందికి రాస్తే శుభం, రాయకపోతే కీడు అని. భయపడి రాత్రికి రాత్రి కూచుని రాసేవాళ్లం. ఎవరి కార్డు చూసినా అవే మాటలు. ఇక్కడ భయమూ లేదు, నకలూ లేదు. "నాకెందుకు ఇష్టమో నేను చెప్పాను, నీకెందుకు ఇష్టమో నువ్వు చెప్పు" – ఇంతే. ఒకేలాంటి ఉత్తరాలు వెయ్యి వస్తే ఆఫీసులో ఒక్కటి చదివి మిగతావి కట్టగట్టి పక్కన పడేస్తారు. ఎవరి గొంతు వారిదైతే ప్రతిదీ విప్పి చదవాల్సిందే. గృహిణులు రాశారు, విద్యార్థులు రాశారు, డాక్టర్లు, ప్రొఫెసర్లు, శాస్త్రజ్ఞులు రాశారు. 1968 జనవరిలో కాల్‌టెక్ అనే ప్రఖ్యాత విజ్ఞాన సంస్థ విద్యార్థులు రెండువందల మందికి పైగా అట్టలు పట్టుకుని ఎన్.బి.సి. స్టూడియోదాకా ఊరేగింపుగా నడిచారు.

1967 డిసెంబరు నుంచి 1968 మార్చి వరకూ తమకు వచ్చినవి దాదాపు 1,16,000 ఉత్తరాలని ఆ సంస్థే లెక్క చెప్పింది. ఒక్క ఫిబ్రవరిలోనే 52,000. అసలు సంఖ్య అంతకు ఎన్నో రెట్లని తర్వాత చెప్పినవారూ వున్నారు. మనకి చెప్పిన లెక్కే చాలు.

1968 మార్చి 1న ఆ వారం భాగం అయిపోయాక, ఎన్నడూ లేనిది, తెర మీద ఒక ప్రకటన వినబడింది – స్టార్ ట్రెక్ కొనసాగుతుంది అని. "ఇక రాయకండి తల్లీ" అని దాని తాత్పర్యం. ఏం లాభం! కృతజ్ఞతలు చెబుతూ మళ్లీ అన్ని ఉత్తరాలూ వచ్చి పడ్డాయిట.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. "ఇదంతా ఆ నిర్మాత ఆడించిన ఆట" అన్నవాళ్లు అప్పుడూ వున్నారు, తర్వాతా వున్నారు. రాడెన్‌బెరీ తెరవెనక సాయం చేసిన మాట నిజమే. డబ్బు సాయమూ చేశాడు. తన కార్యక్రమం నిలబడాలని ఎవరికుండదు? కాని ఒక్క సంగతి ఆలోచించండి. దీపంలో నూనె ఎవరైనా పోయవచ్చు. ఎవరో చెప్పారని లక్షమంది కాగితం తీసి, కలం పట్టి, స్టాంపు కొని, తపాలాపెట్టె దాకా నడుస్తారా? లోపల ఇష్టం వుండబట్టి నడిచారు. అడిగే మనిషి ఒకరు కావలసి వచ్చారు, అంతే.

గెలిచారు కదా, కథ కంచికి అనుకుంటున్నారా? లేదు. మూడో ఏడాదికి సోమవారం మంచి వేళ ఇస్తామన్నారు. తీరా చూస్తే శుక్రవారం రాత్రి పది గంటలకి వేశారు. ఆ కార్యక్రమం అంటే ప్రాణం పెట్టే పడుచువాళ్లు శుక్రవారం రాత్రి ఇంట్లో ఎక్కడుంటారు? పైగా ఖర్చు కోసేశారు. మొదటి ఏడాది ఒక్కో భాగానికి సుమారు 1,90,000 డాలర్లుండేది, మూడో ఏడాదికి 1,75,000 అయింది. రాడెన్‌బెరీ కూడా మనసు విరిగి దూరంగా జరిగాడు. కథల్లో పస తగ్గింది. 1969 జూన్ 3న చివరి భాగం వేసి ముగించేశారు. సరిగ్గా ఏడు వారాలైనా కాకుండానే, జూలై 20న, మనిషి నిజంగానే చంద్రుడి మీద అడుగుపెట్టాడు. విధి విలాసం చూడండి!

అయితే బీజో పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరేనా? కాదు. ఎందుకో చెబుతాను. అక్కడ పాత కార్యక్రమాలను ఊరూరి స్థానిక స్టేషన్లు కొనుక్కుని రోజూ తిరిగి వేసుకునేవి. రోజుకొకటి వేయాలంటే భాగాలు చాలా వుండాలి, లేకపోతే రెండు నెలలకే మళ్లీ మొదటికి రావాలి. రెండేళ్లకే ఆపేసి వుంటే స్టార్ ట్రెక్‌కి వున్నవి 55 భాగాలు. ఆ మూడో ఏడాది పుణ్యమా అని 79 అయ్యాయి. ఆ స్టేషన్లు కొనుక్కున్నాయి. సాయంకాలం పిల్లలు బడినుంచి వచ్చే వేళకి, పెద్దలు కాఫీ తాగే వేళకి వేయసాగాయి. శుక్రవారం రాత్రి పదింటికి చూడనివాళ్లు సాయంత్రం ఆరింటికి చూశారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానులు సభ పెట్టుకుంటే, కొన్ని వందలమంది వస్తారనుకున్న చోటికి మూడువేలకు పైగా వచ్చారు. ఆ సభ ఏర్పాట్లలోనూ, అంతకుముందు 1967లో మొదలైన అభిమానుల పత్రిక 'స్పాకనేలియా' నడపడంలోనూ ఆడవాళ్లే ముందున్నారు. 1979లో అదే కథ సినిమాగా వచ్చింది. తర్వాత కొత్త ధారావాహికలు ఒకటి వెంట ఒకటి వచ్చాయి.

ఇంకో విచిత్రం. 1976లో అమెరికా ప్రభుత్వం మొదటి స్పేస్ షటిల్ తయారుచేసి 'కాన్‌స్టిట్యూషన్' అని పేరు పెట్టబోయింది. అభిమానులు మళ్లీ కలాలు తీశారు. కథలోని ఓడ పేరు 'ఎంటర్‌ప్రైజ్' పెట్టమని అధ్యక్షుడు ఫోర్డ్‌కి వేలాది ఉత్తరాలు రాశారు. ఆయన సరేనన్నాడు. ఆ సెప్టెంబరు 17న దాన్ని బయటికి తెచ్చినప్పుడు కథలోని నటులు ఎదురుగా నిలబడి చూశారు. ఆ షటిల్ అంతరిక్షంలోకి వెళ్లలేదు, గాలిలో దిగే పరీక్షలకి మాత్రమే వాడారు. అయినా పేరు పేరే కదా.

ఇక మూడో ఆవిడ. నిచెల్ నికోల్స్. నల్లజాతి నటి. ఆ ఓడలో సందేశాలు అందుకునే అధికారి ఉహూరా పాత్ర ఆవిడది. నల్లజాతి స్త్రీకి తెర మీద పనిమనిషి వేషం తప్ప ఇవ్వని రోజుల్లో, పదిమంది అధికారుల మధ్య సమానంగా కూచున్న వేషం అది. కాని పాత్రకి మాటలు తక్కువ. నిచెల్‌కి సంగీత నాటకాల మీద మనసు. మొదటి ఏడాది కాగానే మానేస్తానంది. ఆ రోజుల్లోనే ఒక సభలో, మీ అభిమాని ఒకరు మిమ్మల్ని కలవాలంటున్నారంటే ఇటు తిరిగి చూసింది. ఎదురుగా మార్టిన్ లూథర్ కింగ్! తమ పిల్లల్ని రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుని చూడనిచ్చే కార్యక్రమం అదొక్కటేనని ఆయన చెప్పారు. మానేస్తున్నానని ఆవిడ అంటే, వీల్లేదన్నారు. మనం ఎలా వుండాలో ఆ విధంగా లోకం మనల్ని మొదటిసారి చూస్తోంది, ఆ కుర్చీ ఖాళీ చేయవద్దని నచ్చజెప్పారు. ఈ సంగతి ఆవిడే ఎన్నోసార్లు చెప్పుకుంది. ఆవిడ వుండిపోయింది.

తర్వాత 1977లో ఆవిడే నాసా తరఫున ఊరూరా తిరిగి, "వ్యోమగాములుగా రండి" అని స్త్రీలనూ, నల్లజాతివారినీ పిలిచింది. 1978లో ఎంపికైన జట్టులో మొట్టమొదటిసారి స్త్రీలు వున్నారు. చిన్నతనంలో ఉహూరాను చూసి ఉత్సాహం తెచ్చుకున్న మే జెమిసన్ అనే అమ్మాయి 1992లో అంతరిక్షానికి వెళ్లింది. అలా వెళ్లిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. నిచెల్ 2022లో కన్నుమూసింది.

ఇప్పుడు చెప్పండి. బీజో పదిమందిని అడగకపోతే ఆ కుర్చీ ఆనాడే ఖాళీ అయ్యేది కాదూ? రోజూ సాయంత్రం తిరిగి వేసేవాళ్లు లేకపోతే, ఆ కుర్చీలో కూచున్నావిడను తర్వాతి తరం పిల్లలు ఎక్కడ చూసేవాళ్లు? ఒక ఇల్లాలు తనకి నచ్చిన కథ గురించి "మీరూ చెప్పండి" అని నలుగురినీ అడిగిన పుణ్యం ఎక్కడిదాకా పాకిందో!

మన దేశంలో మాత్రం? 1984, 85 సంవత్సరాల్లో 'హమ్ లోగ్' వచ్చినప్పుడు హిందీ రానివాళ్లు కూడా పక్కవాళ్లని అర్థం అడిగి చూశారు. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవారు. ఆ కుటుంబంలోని ఆడపిల్లల కష్టసుఖాల గురించి దేశమంతా లక్షల్లో ఉత్తరాలు రాసింది. ఆ ఉత్తరాల్లోని సంగతులే ఆయన మళ్లీ తెర మీద ప్రస్తావించేవారు. అంటే చూసేవాళ్లు ఊరికే చూసి ఊరుకోలేదు, మాట కలిపారు.

నాకు బీజో కథలో నచ్చిందేమిటో చెప్పి ముగిస్తాను. మనం ఎవరికైనా ఏదైనా చూడమని చెప్పేటప్పుడు ఒక పొరపాటు చేస్తాం. "అది చూడకపోతే నీ జన్మే వృథా" అంటాం. వినేవాళ్లకి ఒళ్లు మండుతుంది. చూసినా తప్పులెంచడానికే చూస్తారు. బీజో అలా అనలేదు. నకలు వద్దు, నీ మాట నువ్వు చెప్పు అంది. బెదిరింపు వద్దు, మర్యాదగా చెప్పు అంది. ఒక్కరే గొంతు చించుకోవద్దు, పదిమందిని కలుపుకో అంది. కూర బాగుందని నోటితో వందసార్లు చెప్పడం కంటే, గిన్నెలో ఒక గరిటెడు వేసి ఇవ్వడం నయం కదా. "ఈ ఒక్కటీ నా పక్కన కూచుని చూడు" అనండి. నచ్చితే సరే సరి. నచ్చకపోతే కాఫీ తాగి కబుర్లు చెప్పుకోవచ్చు.

ఇంకొక్క మాట. బావున్నదాన్ని బావుందని మనలో మనం అనుకుని ఊరుకుంటాం. బావులేనిదాన్ని మాత్రం వీధిలో నిలబడి తిడతాం. అందుకే మంచివి తొందరగా పోతాయి. ఒక పుస్తకం కానీయండి, నాటకం కానీయండి, తెర మీది కథ కానీయండి, నచ్చినప్పుడు ఆ తయారుచేసినవారికి రెండు వాక్యాలు రాయండి. మన ఇంట్లో యంత్రం లేకపోతే ఏం, కలం వుంది కదా!

వచ్చేవారం పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా పిలిస్తే విసుక్కోకండి. ఎవరు చెప్పొచ్చారు, ఆవిడలోనూ ఒక బీజో వుందేమో!